ఎర్న్

బ్రాడీపేట నాలుగో లైను, జిరాక్స్ షాపు పైన
రెండో అంతస్తు. రాత్రి ఏడింటి బ్యాచ్.
బోర్డు మీద ఈ పూటకి ఒక్కటే క్రియ రాశాను:
ఎర్న్.

"ఎర్రా, సార్?" అంది మస్తాన్‌బీ.
క్లాసు క్లాసంతా నవ్వింది.
ఆమె నవ్వలేదు. చేతులు ఒళ్లో దాచుకుంది.
గోళ్ల చివర్ల నిజంగానే ఎరుపు,
పొద్దుటినించి మిరపకాయల తొడిమలు తీసిన ఎరుపు,
సబ్బుకీ కొబ్బరినూనెకీ లొంగనిది.

కాదమ్మా, ఎర్న్ అంటే సంపాదించడం.
దారిలో దొరికింది ఎర్న్ కాదు,
మేనమామ పోతే కలిసొచ్చిన అరెకరం కాదు.
చేసినదానికి వచ్చేది. వచ్చి తీరవలసింది.
డబ్బే కానక్కర్లేదు,
పేరునీ ఎర్న్ చేయొచ్చు, అరువిచ్చే కొట్టువాడి నమ్మకాన్నీ,
ఒళ్లు హూనమైన వారం చివర
ఆదివారం మధ్యాహ్నపు నిద్రనీ.

మన మాటల్లో కూలి పడుతుంది. జీతం పడుతుంది.
వాన పడినట్టు, బల్లి పడినట్టు
పైనించెక్కణ్ణించో పడుతుంది.
ఆ వాక్యంలో మనం ఉండం, కింద ఉంటాం.
ఇంగ్లీషులో అలా కుదరదు.
'ఐ' ముందొచ్చి నిలబడాలి,
ఒంటరిగా, నిటారుగా, ఎప్పుడూ పెద్దక్షరంలోనే.
ఐ ఎర్న్. అనండి.

హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని యోహాను అన్నాడు:
"ఐ ఎర్న్ ఏడొందలు. పెట్రోలు పోను నాలుగున్నర.
'పోను'కి ఇంగ్లీషేంటి సార్?"
చెప్పాను. రాసుకున్నాడు.
రాసుకుంటుంటే ఇంకో ఆర్డరొచ్చింది, పోయాడు.

మస్తాన్‌బీ మెల్లగా లేచింది.
"రోజూ జరిగేదానికి ఈ టెన్సన్నారు.
నాకు ఫిబ్రవరి నించి మే దాకానే పని.
కిలోకింత. యార్డుకి సెలవలిస్తే అదీ లేదు.
మిగతా నెలలకి ఏ టెన్సు సార్?"

నా దగ్గరున్న పుస్తకంలో పన్నెండు టెన్సులున్నాయి.
సీజనుది లేదు.
రెక్కాడితేగానీ డొక్కాడదు అంటే
అది టెన్సు కాదు, షరతు,
ఇంకో పాఠం, వచ్చే నెల.

"పోనీ ఇది చెప్పండి. పోయిన శనివారం
తూకం వేసి మేస్త్రి చీటీ రాసుకున్నాడు.
డబ్బులింకా ఇవ్వలేదు.
నేను ఎర్న్ చేసినట్టా, చెయ్యనట్టా?"

చేసినట్టే.
ఎర్న్ నీ పని అమ్మా, పే వాళ్ల పని.
రెండూ ఒకే రోజు జరగాలని
వ్యాకరణంలో ఎక్కడా లేదు.

అనేశాక
గదిలో ఫ్యాను చప్పుడొక్కటే.
"మీకు పడుతుందా సార్, నెలనెలా?"
వెటకారం కాదు. తన పక్కన తట్టలో
ఎన్ని కాయలున్నాయో అడిగినట్టు అడిగింది.
నేను ఉదాహరణలన్నీ ఎప్పుడూ
ఎవరో సుధ మీదా, ఎవరో జాన్ మీదా రాస్తాను.
సుధ ఎర్న్స్. జాన్ ఎర్న్స్.
బోర్డు తుడిచాను. తుడవాల్సినదానికంటే ఎక్కువసేపు.

క్లాసయ్యాక కొంగుముడి విప్పి ఫీజిచ్చింది,
నాలుగు మడతల యాభైలు, వందలు.
లెక్కపెడుతుంటే ఘాటు ముక్కుకెక్కి
వరసగా మూడు తుమ్ములు.
"రేపు ఉతికిన నోట్లు తెస్తాలే సార్," అంది.
అప్పుడు నవ్వింది.

కింద ఆఫీసులో పరాత్పరరావు గారు
గల్లాపెట్టె తాళం వేస్తున్నారు.
డబ్బులిచ్చి ఆమె పేరున రసీదు రాయించాను.
అయినా కదల్లేదు.
"ఇంకేంటి మాస్టారూ?"

మూడు నెలలూ తెలుగులోనే అడిగాను,
ఇంకా పడలేదండీ, అని గోడకేసి చూస్తూ,
అదేదో వాన సంగతయినట్టు.
ఈసారి గొంతు సవరించుకుని
ముందు ఆ ఒక్క అక్షరం నిలబెట్టాను.